తోలు లేని నీళ్ళ మిషను

మా పెనుగొండలో పెళ్ళాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకునే మగవాడెవరంటే జోగేశ్వరరావు గారి పేరే చెప్పాలి. ఎందుకంటే ఆ మాట వీధివీధికీ చెప్పుకు తిరిగేది ఆయనే. బెల్లం హోల్‌సేలు వ్యాపారం, గుడి కమిటీలో సభ్యత్వం, ఇంట్లో తల్లి కన్యకాపరమేశ్వరమ్మ, భార్య మీనాకుమారి. వాళ్ళకీ మాకూ మధ్య గోడ ఒక్కటే కాబట్టి నాకు తెలియకుండా ఆ ఇంట్లో పాలు కూడా పొంగవు.

వాళ్ళ నూతి నీళ్ళకి పప్పు ఉడికేది కాదు. సబ్బు నురగ వచ్చేది కాదు. గిన్నెల అడుగున సున్నం కొట్టినట్టు తెల్లగా పెచ్చు కట్టేది. వీధిలోకి పంచాయతీ కుళాయి వచ్చింది గానీ, అందులో తోలు వాషరు ఉంటుందని పెద్దావిడ ఆ నీళ్ళని పెరట్లో మొక్కలకి తప్ప వాడనిచ్చేది కాదు. కావిడివాడు తెచ్చిన నీళ్ళు మడికి పనికిరావు. అందుకని రోజూ తెల్లారగట్ల మీనాకుమారి కాలవ రేవుకి వచ్చి, స్నానం చేసి, తడిబట్టతోనే రాగిబిందెడు నీళ్ళు ఇంటికి మోసుకెళ్ళేది. నేనూ ఆ వేళకే వెళ్ళేదాన్ని.

అయ్యో పాపం అనుకోకండి. రోజు మొత్తంలో ఆ పిల్లకి తనదంటూ ఉన్నది ఆ కాస్త పొద్దే. ఇంట్లో గొంతు గుమ్మం దాటనివ్వని మనిషి, రేవు మెట్ల మీద కూర్చుంటే పకపకా నవ్వేది. అత్తగారు ఎలా నడుస్తుందో నడిచి చూపించేది. ఆత్రేయపురంలో వాళ్ళమ్మ పూతరేకులు చుడుతూ ఎవరెవర్ని తిట్టిపోసేదో గొంతు మార్చి మరీ చెప్పేది. "ఇక్కడికి రాకపోతే నాకు పిచ్చెక్కిపోద్దండి అక్కయ్యగారూ" అంది ఒకసారి, నవ్వుతూనే. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

అది ఎనభై మూడో, ఎనభై నాలుగో సంవత్సరం. కమిటీ మీటింగులో ఎవరో పెద్దమనిషి, "ఏంటండీ జోగేశ్వరరావు గారూ, ఇంత వ్యాపారం పెట్టుకుని ఆవిడ చేత బిందెలు మోయిస్తున్నారు?" అన్నాడట. అంతే, పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయనకి భార్య నడుం మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

"సాఫ్ట్‌నర్ అని ఓ మిషను వచ్చిందంటండి. నూతి నీళ్ళు పోస్తే కాలవ నీళ్ళలా వస్తాయంట. ఇంక మా ఆవిడ గడప దాటక్కర్లేదు" అని వీధరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు. లోపల బియ్యం ఏరుతున్న మీనాకుమారి చెయ్యి టక్కున ఆగిపోవడం కిటికీలోంచి చూశాను. మర్నాడు రేవులో ఆవిడ నవ్వలేదు. "ఈ నీళ్ళ వంక కూడా పోతే ఇంక నేను బయటికి రావడమంటూ ఉండదండి" అంది.

ఇక మిషను ఎంపిక మొదలయింది. పెళ్ళికొడుకుని వెతికినా ఇంత వెతకరు. జోగేశ్వరరావు రాజమండ్రి వెళ్ళి కంపెనీల కాగితాలన్నీ మోసుకొచ్చి, ఏది పెద్దది, ఏది మెరుస్తుంది అని లెక్కలు వేస్తున్నాడు. తల్లి మాత్రం ఒకే ఒక్క షరతు పెట్టింది. తోలు ఉండకూడదు.

మొదట వచ్చిన ఏజెంటు మోటారుతో నడిచే మిషను గురించి గొప్పగా చెప్పాడు. "వాషరు దేంతో చేశారు బాబూ?" అని అడిగింది పెద్దావిడ. "అసలు సిసలు తోలండి! పదేళ్ళు గ్యారంటీ!" అన్నాడు పాపం. ఆ గ్యారంటీ చంకలో పెట్టుకుని అటునుంచి అటే పోయాడు.

చివరికి చంద్రరావు అనే అతను వచ్చాడు. మెడకి టై, చేతిలో రెండు సీసాలు. ఒక దాంట్లో నూతి నీళ్ళు, రెండో దాంట్లో మిషను నీళ్ళు పోసి, సబ్బు వేసి గిలకొట్టి చూపించాడు. రెండో సీసా నిండా నురగే. పెద్దావిడ నురగ వైపు చూడనైనా చూడలేదు.

"లోపల ఏముంటాయి బాబూ?"

"ఆవగింజలంతేసి పూసలండి మామ్మగారూ. నీళ్ళలో ఉన్న సున్నాన్ని అవి పట్టేసుకుంటాయండి."

"జంతువులవి కావు కదా?"

"రామ రామ! పక్కా శాకాహారం అండి. అప్పుడప్పుడు ఉప్పునీళ్ళు పోసి కడిగితే చాలు. ఒక్కటే జాగ్రత్తండి, పూసలు ఎండిపోకూడదు. రాత్రీ పగలూ నీళ్ళలో నానుతూనే ఉండాలి."

ఉప్పు మాట వినగానే పెద్దావిడ మొహం విప్పారింది. దిష్టి తీసేది కూడా ఉప్పుతోనే కదా! పైగా దీనికి మోటారు లేదు. పైన పోస్తే కింద ఇత్తడి కుళాయిలోంచి వస్తాయి. ఆ కుళాయి కూడా విప్పి చూపించమంది. చంద్రరావు టై భుజం మీదకి వేసుకుని, కూర్చుని, ఊడదీసి చూపించాడు. అంతా ఇత్తడే. మీనాకుమారి కాఫీ గ్లాసులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

మంచిరోజు చూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మిషనుని వంటింట్లో ప్రతిష్ఠించారు. నన్నూ భోజనానికి పిలిచారు. పప్పు వెన్నలా ఉడికింది, అబద్ధమెందుకు? జోగేశ్వరరావు ముద్దముద్దకీ "చూశారాండీ" అంటున్నాడు. "నా కోడలికి కాలవ బాధ తప్పింది" అని పెద్దావిడ కళ్ళొత్తుకుంది. వడ్డిస్తున్న మీనాకుమారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు ఒళ్ళు మండిపోయి పప్పు గొంతు దిగలేదు. రెండోసారి వేయించుకున్నాననుకోండి, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే గోడవతల మీనాకుమారి గొంతు వినబడింది.

"అత్తయ్యగారూ, మిషను కడుపులో నిన్నటి నీళ్ళున్నాయి కదండీ. వీటితోనే మహానైవేద్యం వండెయ్యమంటారాండీ?"

రాత్రి నిలవున్న నీళ్ళు మడికి పనికిరావు, ఏ పొద్దుకా పొద్దు కొత్తగా తోడినవే కావాలి. అన్ని నెలలు తోలు కోసం వెతికిన ఇంట్లో ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు చూడండి!

"నిలవ నీళ్ళా!" అని పెద్దావిడ పెట్టిన కేకకి మా ఇంట్లో చెంబు దొర్లింది.

"ఒంపేసి కొత్తవి పోస్తే సరి" అన్నాడు జోగేశ్వరరావు.

"ఎండితే పూసలు పాడైపోతాయన్నారు కదండీ" అంది మీనాకుమారి, చాలా వినయంగా.

ట్రంకాల్ చేసి చంద్రరావుని పిలిపించారు. కొత్త నీళ్ళు తోస్తే పాతవి వెళ్ళిపోతాయని అతను నెత్తీనోరూ కొట్టుకున్నాడు. "నిన్నటి నీటిబొట్టు ఒక్కటి కూడా ఉండదని అమ్మవారి మీద ప్రమాణం చెయ్యి బాబూ" అంది పెద్దావిడ. చంద్రరావు సరుకు అమ్ముకునేవాడే గానీ దేవుడంటే భయమున్నవాడు. ప్రమాణం చెయ్యకుండానే బస్సెక్కాడు.

మిషను స్నానాల గదిలోకి మారింది. ఆ మెత్తటి నీళ్ళన్నీ ఇప్పుడు జోగేశ్వరరావు బట్టతలకే. ఆయనేం చిన్నబోలేదు. "మా ఆవిడ ఆచారం అలాంటిదండి, మిషను నీళ్ళు ముట్టనే ముట్టదు" అని కమిటీలో అందరి దగ్గరా గొప్పలు పోయాడు.

ఆ మర్నాడు రేవులో మీనాకుమారి నవ్వు అవతలి గట్టుకి వినబడింది. నేను ఆగలేక అడిగేశాను.

"ఆ నిలవ నీళ్ళ సంగతి నీకు ఉన్నట్టుండి ఎలా తట్టిందే?"

"ఉన్నట్టుండేంటండి! పూసలు నానుతూనే ఉండాలని ఆ మిషనాయన చెప్పినప్పుడే తెలిసింది."

"ఓసి నీ తెలివి తెల్లారా! మరి కొనకముందే నోరు విప్పి చెప్పొచ్చు కదా?"

మీనాకుమారి బిందెని నీళ్ళలోకి ముంచి, బుడబుడమంటూ నిండేదాకా ఆగింది.

"అప్పుడు చెబితే ఇంకో మిషను వెతికేవారండి అక్కయ్యగారూ" అంది.