వెనక చెక్క లేని అర

ఆ వడ్రంగిని అందరూ చిటపట అనే పిలుస్తారు. పని నాసిగా ఉంటే సొంత బావమరిదినైనా నలుగురిలో కడిగేస్తాడు. అలాంటివాడికి, మాటలు మానేసిన అన్నదమ్ముల ఇంటిని రెండు చేసే పని తగిలింది.

"ఇటుక గోడ కడితే గదులు చీకటి గుయ్యారాలవుతాయి," అని కసిరి, హాలు పొడవునా చెక్క బీరువానే గోడగా నిలబెట్టాడు. ఒక అర అన్నవైపు తెరుచుకుంటే, పక్క అర తమ్ముడివైపు. పైన వెలుతురుకి గాజు పలకలు.

పని సగంలో ఉండగా అన్న భార్య టీ ఇస్తూ గొంతు తగ్గించింది. "అన్నయ్యా, వంటింటి పక్క అరకి వెనక చెక్క కొట్టకు. ఆయనకి చెప్పకు, మా చెల్లికీ చెప్పకు."

మర్నాడు తమ్ముడి భార్య అదే అర చూపించి అదే మాట అంది. "మా అక్కకి తెలియకూడదు అన్నయ్యా."

వెనక చెక్క లేని బీరువా చిటపట పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు. పళ్లు నూరుకుంటూనే ఆ అరకి రెండువైపులా తలుపులు పెట్టి ఊరుకున్నాడు.

చివరిరోజు అన్న వచ్చి గోడంతా తట్టి చూశాడు. "ఎక్కడా సందు లేదుగా?"

"చీమ కూడా దూరదు," అన్నాడు చిటపట. తన పని గురించి అతను అబద్ధమాడటం అదే మొదలు.

అప్పుడే గోడలోంచి గిన్నె జరిగిన చప్పుడు వినిపించింది.

అన్న వంటింటి పక్క అరవైపు తల తిప్పాడు.

"ఆ అర ఇంకాస్త నున్నగా చిత్రిక పట్టవయ్యా," అన్నాడు. "గిన్నె గీరుకుంటోంది."