గిన్నెకు అంటుకున్న రొట్టె

జోసఫ్ బతికున్నంత కాలం పిండి కలిపి రొట్టె కాల్చే ఆ బ్రెడ్ మేకర్‌ను పెళ్లాం చేత కడగనివ్వలేదు. మరియా మీద అపనమ్మకమేమీ కాదు, ఆమె చేతి బలం మీద భయం. స్టీలు పీచు పట్టిందంటే గిన్నెలో మొహం కనబడేదాకా వదిలే మనిషి కాదామె. ఆ యంత్రం లోపలి గిన్నెకేమో నల్లటి పూత ఉంటుంది, అది పోయిందా, రొట్టె ఊడి రాదు. "నీకు దండం పెడ్త, దాని జోలికి రాకు" అనేవాడు.

నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ అతను. రామంతాపూర్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ, పాడైపోయిందని ఆ యంత్రాన్ని పారేయబోతే, ఇంటికి తెచ్చి బాగు చేసుకున్నాడు. అప్పటిదాకా వాళ్ల మందిరంలో ఆదివారం విరిచి అందరికీ పంచడానికి ప్రభువు బల్ల మీద పెట్టేది బేకరీ బ్రెడ్డే, ముందే ముక్కలు కోసింది. "కోసినదాన్ని మళ్ల యిరిసుడేంది? ఒక్క రొట్టె ఉండాలె, నిండుగ ఉండాలె" అని జోసఫ్ పట్టుబట్టాడు. పట్టుబట్టినవాడికే పని తగులుకుంటుంది కదా, అట్లాగే తగులుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో రొట్టె కాలని శనివారం లేదు.

ముందు నీళ్లు. ఒక మూలకు ఉప్పు. పైన మైదా, మైదాలో వేలితో గుంట చేసి అందులో ఈస్ట్. ఉప్పూ ఈస్టూ పడని తోటికోడళ్లనీ, పిండి కలిసేదాకా ఎడంగా ఉంచాలనీ అనేవాడు. రొట్టె తీశాక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి నానబెట్టేవాడు. పిండి కలిపే చిన్న రెక్కను విడదీసి, అన్నిటినీ పాత బనియన్ గుడ్డతో మెల్లగా తుడిచేవాడు. ఆ రెక్క మూలంగా రొట్టె అడుగున చిన్న బొక్క పడేది. అదీ బాధే అతనికి. ఆ వైపు కిందికి పెట్టి, తెల్లగుడ్డ కప్పి తీసుకుపోయేవాడు. పిల్లలు లేని ఇల్లు. "కన్నబిడ్డ ఉన్నా ఇంత సేవ జేయకపోదువు" అని మరియా గుమ్మంలో నిలబడి దెప్పేది.

అంత జాగ్రత్త మనిషి ఒక మంగళవారం డ్యూటీ నుంచి వచ్చి, చొక్కా గుండీలు విప్పుతూనే కుప్పకూలిపోయాడు. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు శవపెట్టె లేవబోయే వేళకు జనగామ వైపు నుంచి అతని అక్క మల్లవ్వ వచ్చింది. తమ్ముడు బాప్తిస్మం తీసుకుని యాదగిరి అనే పేరును జోసఫ్‌గా మార్చుకున్ననాటి నుంచి ఆమె ఆ గడప తొక్కలేదు. మరియా అందరితో పాటు నారపల్లి దాటాక ఉన్న సమాధుల తోటకు వెళ్లింది. మల్లవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. ఊళ్లో అయితే శవం గడప దాటగానే ఇల్లంతా కడుగుతారు, ఒక్క గిన్నెకు కూడా మైల మిగలనివ్వరు. ఏడుస్తూనే ఆమె ఆ పనిలో పడింది. బోళ్లన్నీ తోమింది. యంత్రం మూత తీస్తే లోపల నల్లటి గిన్నె కనబడింది. మాడిపోయిందనుకుంది పాపం. పీచు పెట్టి, సబ్బుపొడి వేసి, వెండిలా మెరిసేదాకా తోమి పెట్టింది.

శనివారం మందిరం పెద్ద కనకరాజు ఫోన్ చేశాడు. "అమ్మా, ఈ వారం మేమే బేకరీల తెస్తం. నువ్వు ఫికర్ జేయకు."

"వద్దన్నా. ఆయన పోయిన వారమే ఆయన రొట్టె ఆగితే ఎట్ల? నేను జేస్త" అంది మరియా. తీరా మూత తీసి చూసి నిలువునా నీరైపోయింది.

"దీన్ని ఎవరు తోమిన్రు?"

"నేనే. మస్తు మాడిపోయుండె" అంది, ఊరికి పోకుండా తోడుగా ఆగిన మల్లవ్వ.

"అది మాడు కాదు వదినా, పూత. నన్నే ముట్టనియ్యలేదు ఇన్నేండ్లు. నువ్వు రాక రాక వచ్చి, ఆయన చెయ్యి తగిలిన గుర్తు కూడా కడిగేసినవ్."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని తెలిసి కూడా ఆ మాట అనేసింది.

మరియా గిన్నెకు నూనె రాసి, అతను వేసిన వరసలోనే అన్నీ వేసింది. యంత్రం ఎప్పుడు కూస్తుందో, ఎప్పుడు ఆగుతుందో ఆమె చెవులకు తెలుసు. రొట్టె బాగానే పొంగింది. గిన్నె బోర్లించి తడితే మాత్రం పైభాగమే ఊడి వచ్చింది. అడుగంతా చిరిగి, ఒక ముద్ద రెక్క చుట్టూ గిన్నెలోనే ఉండిపోయింది. సమాధుల తోట నుంచి వచ్చాక రాని ఏడుపు మరియాకు అప్పుడొచ్చింది. నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"బేకరీ తెరిసే ఉంటది, పోయి తెస్త" అని చివరికి కళ్లు తుడుచుకుంది.

మల్లవ్వ రొట్టె వైపే చూస్తోంది. "ఆడ దీన్ని ఏం జేస్తరు?"

"పెద్దలు యిరుస్తరు. అందరికి పంచుతరు."

"యిరిసేదానికి, జర చిరిగితే ఏమాయె?" అంది మల్లవ్వ.

మరియా బేకరీకి పోలేదు.

ఆదివారం మల్లవ్వ కూడా మందిరానికి వెళ్లి చివరి వరసలో కూర్చుంది. కనకరాజు గుడ్డ తీసి రొట్టె ఎత్తగానే అడుగు నుంచి పొడి రాలింది. కాసేపు దాన్ని అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ప్రార్థన చేసి విరిచాడు. పళ్లెం ఒక్కో వరసా దాటుతూ వెనక్కి వచ్చింది. తమ్ముడి ఇంటి రొట్టె కదా అని మల్లవ్వ చెయ్యి చాపబోయింది. బాప్తిస్మం లేనివాళ్లు తీసుకోకూడదు. పళ్లెం ఆమెను దాటి పక్కవాళ్ల చేతికి పోయింది. ఎవరి తప్పూ లేదు, జోసఫ్ ఉన్నా ఆ నియమం తప్పేవాడు కాదు. మల్లవ్వ చెయ్యి కొంగులోకి లాక్కుంది. మరియా అది చూసింది.

ఇంటికి రాగానే మరియా యంత్రం గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. చెక్క గరిటెతో, గీత పడకుండా, ఆ ముద్దను నెమ్మదిగా ఊడదీసి లోపలి రెక్కను బయటికి లాగింది. ముద్దను రెండు చేసి పెద్దది మల్లవ్వ చేతిలో పెట్టింది.

"ఇది బల్ల మీదికి పోలేదు వదినా. దీనికి ఏ అడ్డం లేదు. తిను."

మల్లవ్వ చాలాసేపు నమిలింది. "మా తమ్ముడు జేసింది గిట్లనే ఉంటుండెనా?"

"ఇంతకన్న మెత్తగ ఉంటుండె" అంది మరియా. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఇద్దరూ ఏడుస్తూనే తిన్నారు.

తిన్నాక మల్లవ్వ అలవాటుకొద్దీ గిన్నె తీసుకుని పంపు దగ్గరికి లేచింది. మరియా వద్దనలేదు. లోపలికి వెళ్లి జోసఫ్ పాత బనియన్ గుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చింది.