టైలర్ ఆదాముకు తెలిసిన రహస్యాలు

బూర్గంపాడు టైలర్ ఆదాము మిషను తొక్కుతూనే దేశంలో ఏ నాయకుణ్ణి ఎవరు చంపించారో చెప్పేవాడు. చెవి మీది సుద్దముక్క తీసి బల్ల మీద గీతలు గీసి, "పేపరోళ్లు రాసేదంతా ఉత్తదే. ఇది ఇంటెలిజెన్సోళ్ల పని" అని తేల్చేవాడు. రెండువేల అయిదు ఎండాకాలంలో ఒక మండల నాయకుణ్ణి సంతలో పట్టపగలు గొడ్డళ్లతో నరికారు. ఆదాము అప్పుడూ అదే మాట అన్నాడు. మూడో రోజు అడవిలోంచి నలుగురు నక్సలైట్లు వచ్చి అతన్ని జామాయిల్ తోటలోకి ఈడ్చుకుపోయారు. "నీకెట్ల తెలుసురా? నువ్వు ఆ ఇంటెలిజెన్సోళ్ల మనిషివా?" అంటూ కుడిచేతి వేళ్లను రాయి మీద పెట్టి ఒక్కొక్కటే చితక్కొట్టారు. "నాకేం తెల్వదన్నా! గట్ల చెప్తె నలుగురు కూసొని వింటరని చెప్పిన" అని ఆదాము అరిచాడు. వెంటపడి వచ్చిన భార్య ముత్యాలమ్మ అతని మీద పడి దెబ్బలకు అడ్డుపడింది. చివరికి వాళ్లు నమ్మి వదిలేశారు.

నెల తరవాత చేతికట్టుతోనే కొట్టు తెరిచాడు. ఒక్కరూ బట్ట తేలేదు. ఇన్నాళ్లూ అతని మాటలు నోరు తెరుచుకుని విన్నవాళ్లే ఎదురు హోటల్లో కూర్చుని, "ఆళ్లు పట్టుకపోయినోడు పానంతోని తిరిగొస్తడా? అవ్, వీడు ఇంటెలిజెన్సోడే" అనుకోవడం అతనికి వినబడింది. ఆ మాట అడవికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. మిషను అక్కడే వదిలేసి, మధ్యాహ్నం బస్సుకే ముత్యాలమ్మతో ఊరు దాటాడు.