సిస్టరమ్మ పిలిచిన పెళ్లి

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు మా మరిది పెళ్లి కోసం పెట్టిన వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పుట్టింటి నుంచి తిరిగొస్తున్నాను. రైలు సికింద్రాబాద్ స్టేషన్ బయట సిగ్నల్ కోసం ఆగి ఉంది, ఎప్పటిలాగే. నిద్రలోనే పోయిందట. ఆ మెసేజీ కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా నీరసం కమ్మింది. దవాఖానా జోలికి మళ్లీ ఎవరైనా వస్తే ముందు వరసలో కూర్చునేదెవరు అన్నదే నా మొదటి ఆలోచన.

పద్మారావు నగర్‌లో ఆవిడ మా ఇంటి ఓనరు. కింద ఆవిడ, పైన మేము. వీధి చివరి సర్కారు దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైంది. పురుళ్లు, టీకాలు, బీపీ, షుగరు అన్నీ ఆ పెంకుల బిల్డింగులోనే. మా చుట్టుపక్కల సగం మంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే కాబట్టి అసలు పేరు ఎవరికీ పట్టలేదు. రిటైరయ్యాక కూడా గడియారం పైటకు పిన్నుతో తగిలించుకునేది. ఫోను ముట్టుకునే ముందు స్పిరిట్ దూదితో తుడిచేది. అద్దెకు దిగిన కొత్తలో ఆ శుభ్రం చూస్తే నాకు ఒళ్లు మండేది. మెట్ల మీద ఒక్క ఉల్లిపొట్టు కనిపించినా పైకి కేక వచ్చేది మరి.

దవాఖానా తీసేస్తారన్న మాట మొదట ఎవరం నమ్మలేదు. తరువాత గేటుకు నోటీసు అంటించారు. ఊరి అవతలికి తరలిస్తారట, ఇక్కడ షాపింగ్ కాంప్లెక్స్ లేస్తుందట. నెలలు నిండిన పిల్ల రెండు బస్సులు ఎట్ల మారుతదని నోటీసు ఇచ్చిన ఆఫీసులో ఆవిడ అడిగిందట. అర్జీ పెట్టి పొమ్మన్నారట. దాంతో గేటు ఎదురుగా టెంటు వేసి కూర్చున్నాం. పెళ్లిళ్లకు వేసే ఎర్ర పచ్చ పూల టెంటే, చవగ్గా దొరికేది అదే.

మొదటిరోజు కెమెరాలు వచ్చాయి. అందరి చేతా మాట్లాడించి, టీ తాగి వెళ్లాయి. సాయంత్రం ఆవిడ ఇంట్లో టీవీ ముందు కూర్చుని రిమోటు అరిగేలా నొక్కాం. ఎవరో హీరోయిన్ కొన్న ఇల్లు చూపించారు, గదిగదీ తిప్పి. మేము ఎక్కడా లేము. పేపర్లోనూ లేము. ఆ తరువాత ఒక విలేకరి కుర్రాడు వచ్చి, పైనుంచి వద్దన్నారని నెమ్మదిగా చెప్పి తల దించుకున్నాడు. ఆ స్థలం మీద కన్నేసిన పెద్దమనిషి అన్ని చానళ్లకూ యాడ్లు ఇస్తాడట. ఆవిడ ఆ అబ్బాయిని తిట్టలేదు. భోజనం చేశావా అని అడిగి పంపించింది.

అప్పుడు ఫోన్లో లైవ్ మొదలుపెట్టాం. ఆవిడ రోజూ ఆనాటి పేపరు చేత్తో పట్టుకుని, పై తేదీ కనిపించేలా కెమెరాకు చూపించి మాట్లాడేది. పాత వీడియో అని ఎవరూ అనకుండా అన్నమాట. మమ్మల్ని వెయ్యని పేపరే మాకు సాక్ష్యం. "సూది ఏసేటప్పుడు పిలగాండ్లను అటు సూడుమంటుంటి, ఇప్పుడు లోకాన్ని ఇటు సూడుమంటున్న" అని నవ్వేది. లోకం చూసింది లేదు. చూసేవాళ్లంతా మా టెంటు కింద కూర్చున్నవాళ్లే, ఎవరి ఫోన్లో వాళ్లు. కాస్త జనం పెరిగే వేళకు ఎవరెవరో ఫిర్యాదులు పెట్టి ఆ పేజీనే తీయించేశారు. ఆ రోజు మేమంతా ఎంత డీలా పడ్డామో చెప్పలేను. ఎండ, దోమలు, ఇంట్లో పనులు, ఆఫీసుకు సెలవులు. ఇంక చాలు, లేచిపోదామని నేనే అన్నాను.

ఆవిడ తన ఫోను తీసి నా ఒళ్లో పెట్టింది. అందులో అన్నీ పెళ్లి గ్రూపులు, మా మరిది పెళ్లిదీ ఉంది! తన చేతుల్లో పుట్టిన ప్రతి పిల్లా పెళ్లికి ఆవిడను పిలిచేది, పెళ్లికో గ్రూపు పెట్టేది. పెళ్లయిపోయాక గ్రూపులోంచి బయటికి వస్తే ఏమనుకుంటారోనని మనవాళ్లెవరూ బయటికి రారు కదా. పెళ్లికొడుకు వైపువాళ్లు, పెళ్లికూతురు వైపువాళ్లు, మారేడ్‌పల్లి నుంచి ఏ.ఎస్. రావు నగర్ దాకా అందరూ అందులోనే మూలుగుతుంటారు.

నేను ధర్నా అని టైపు చేస్తుంటే ఆవిడ ఆపింది. మనుషులను పిలవాలంటే బొట్టు పెట్టి పిలిచినట్టుగా పిలవాలని పట్టుబట్టింది. సరేనని పైన శ్రీరస్తు శుభమస్తు, నాలుగు మూలలా పసుపు, సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయగలరని ప్రార్థన. ఏమిటి, ఎందుకు అన్నది కింద పెట్టాం, చక్కగా, వివరంగా.

ఎవరు చదివారు కిందికి? పెళ్లిపత్రికలో మనం చూసేది తేదీ, చోటు, అంతే కదా. మర్నాడు టెంటు ముందు ఆటోలు ఆగడం మొదలైంది. పట్టుచీరలు, జడల్లో పూలు, చేతుల్లో గిఫ్టు కవర్లు. మా ఆయన పిన్ని ఏ.ఎస్. రావు నగర్ నుంచి కంచిపట్టు కట్టుకుని దిగి, "మండపం ఎటువైపే అమ్మాయ్, భోజనాలు మొదలయ్యాయా?" అని నన్ను అడిగింది. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. సిస్టరమ్మ లేచి వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"పెండ్లి లేదమ్మా. పైసలున్నోళ్లు మా దవాఖానను లేపుకపోతున్నరు. అచ్చినవు గదా, జెర అడ్డం కూసో."

ఆ పిన్నత్తయ్య కోపంగా చూసింది. దవాఖానా వైపు చూసింది. గేటు దగ్గర నిండు నెలల పిల్లొకతి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. "అయ్యో రాత" అని అత్తయ్య చీర కుచ్చిళ్లు సర్దుకుని చాప మీద కూర్చుంది. ఆవిడ వెనక మిగతావాళ్లూ కూర్చున్నారు. అందరికీ పులిహోర వండించే పని నా మీద పడింది.

పట్టుచీర కట్టుకున్నాక ఫొటో దిగకుండా మనవాళ్లు ఇంటికి వెళ్లరు. దిగారు, స్టేటస్సులు పెట్టుకున్నారు. ఎవరి పెళ్లి, ఎవరి పెళ్లి అని చుట్టాలందరూ అడగడం మొదలుపెట్టారు. అడిగిన ప్రతివాళ్లకూ కథంతా చెప్పక తప్పలేదు. మర్నాడు ఇంకొందరు వచ్చారు, ఈసారి తెలిసే వచ్చారు, అయినా పట్టుచీరల్లోనే. వారం తిరిగేసరికి ఊళ్లో తెలియనిది చానళ్లకు మాత్రమే. ఇక సిగ్గుపడి వాళ్లూ వచ్చారు. పట్టుచీరల అంచులు చూపించారు, పులిహోర చూపించారు, స్థలం ఎవరికి కావాలో మాత్రం చెప్పలేదు. తరలింపు ప్రస్తుతానికి ఆపామని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.

అందరం చప్పట్లు కొట్టాం. ఆవిడ కొట్టలేదు. ఇంటికొచ్చి మెట్ల మీద కూలబడి, "అలిసిపోయిన, బిడ్డా" అంది. "ప్రస్తుతానికి అన్నరంటే మళ్ల కూసోబెడ్తరు మనల్ని." నేను కాళ్లకు వేడినీళ్లు తెచ్చి పెట్టాను. ఈ ఊరొచ్చి ఎన్నేళ్లయినా అద్దెకున్నట్టే ఉండేదాన్ని. ఆవిడ పక్కన ఆ చాప మీద కూర్చున్నాకే ఇది నా ఊరనిపించింది. ఆ మాట ఆవిడకు చెప్పాను కూడా. మెట్లు కడిగినవా అని అడిగింది.

ఆవిడ పోయిన కబురు తెలిసిన రోజు స్టేషన్ నుంచి ఆటోలో వచ్చేసరికి వైకుంఠ రథం సిద్ధంగా ఉంది. దారిలో దవాఖానా ముందు ఆపమన్నారు ఎవరో. కాలనీ ప్రెసిడెంటు గారు అప్పటికే పూలదండ, ఒక కొత్త తాళం పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఆవిడకు గౌరవంగా ఈ ఒక్కపూట మూసేద్దామని అందరూ అనుకున్నారట. లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చి అడ్డంగా తల ఊపింది. పోయిన నెల బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడే సిస్టరమ్మ మాట తీసుకుందట.

"నేను పోతే ఒక్క పూట సుత బంద్ వెట్టొద్దు డాక్టరమ్మా. మనమే బంద్ అలవాటు జేస్తే, ఆళ్లకు నోటీసు తక్లీఫ్ సుత ఉండది."

ప్రెసిడెంటు గారు తాళం జేబులో వేసుకున్నారు. బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్లు చీటీలు చేత్తో పట్టుకునే లేచి నిలబడ్డారు, వరస మాత్రం ఎవరూ వదల్లేదు. ఆ రోజు టీకాల రోజు. లోపల ఎవరి పిల్లకో సూది వేశారు కాబోలు, గుక్కపట్టిన ఏడుపు వీధిలోకి వచ్చింది. ఆ ఏడుపు సద్దుమణిగేదాకా డ్రైవరు బండి కదపలేదు.