పుట్టింటికి పాస్

నా చెల్లెలి తొలి కాన్పు కోసం నేను చేస్తున్న హడావుడి చూసి మా ఆయన "ఇది ఇల్లా, ఆసుపత్రా?" అని నవ్వేవాడు. ఇందిరాపురంలో మాది రెండు గదుల ఫ్లాటు. అందులో ఎండ వచ్చే గది మా అమ్మాయిది. దాన్ని ఖాళీ చేయించి, మంచం కిటికీ పక్కకి జరిపించాను. పాత నూలు చీరలు వేణ్ణీళ్లలో జాడించి, ఎండబెట్టి, పొత్తిగుడ్డలకి చింపాను. విజయనగరం నుంచి ఎవరు వస్తున్నా సొంఠి, వాము, నువ్వుల నూనె తెమ్మని పీడించాను, ఢిల్లీలో అవేవీ దొరకవన్నట్టు. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే మా అమ్మాయి "మౌసీ కబ్ ఆయేగీ?", ఎప్పుడొస్తుందని రోజూ నా ప్రాణం తీసేది. మౌసీ కాదే, పిన్ని అనవే అని నేను కసిరేదాన్ని.

మా వైపు అక్కను అప్ప అంటారు. మాకు అమ్మానాన్నలు లేరు. చెల్లి పెళ్లి పీటల మీద కూడా తల్లి స్థానంలో కూర్చున్నది నేనే. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి, అమ్మ లేకపోతే అప్ప ఇల్లే పుట్టిల్లు. ఇందులో అడగడానికీ ఆలోచించడానికీ ఏమీ లేదు. చెల్లి భర్త, మా మరిది, సైన్యంలో జవాను. అతన్ని దేశం చివర ఎక్కడో మంచుకొండల్లోకి పంపారు. చెల్లి మాత్రం ఢిల్లీ కంటోన్మెంటులో, జవాన్ల కుటుంబాలకిచ్చే క్వార్టర్లో ఒక్కతే ఉండిపోయింది.

నిజానికి ఏడో నెలలోనే తెచ్చేసుకోవాల్సింది. సరిగ్గా అప్పుడే మరిదికి సెలవు దొరికింది. మొగుడు ఇంటికొచ్చిన రోజుల్లో పిల్లని లాక్కురావడం ఏం బాగుంటుందని ఊరుకున్నాం. అతను తిరిగి వెళ్లేసరికి ఎనిమిదో నెల పడింది. సరినెలలో కదపకూడదని చెల్లి అత్తగారు ఊరి నుంచి ఫోన్ చేశారు. "ఇదేం ప్రయాణం అత్తయ్యగారూ, కారెక్కితే గంట" అన్నాను. ఆవిడని ఒప్పించినా మా చెల్లి ఒప్పుకుంటేగా!

"మధ్యలో యమున ఉంది కదప్పా. కడుపుతో ఉన్నోళ్లు ఏరు దాటకూడదంటారు."

"దాన్ని ఏరంటారేటే? నురగ తప్ప నీళ్లెక్కడున్నాయి అందులో?"

"అయినా ఎందుకులే. నెల తిరగనీ. తొమ్మిది పడ్డ మర్నాడే నేను నీ ఇంట్లో ఉంటాను, చూసుకో."

ఆ నెల తిరగకముందే కరోనా అని దేశమంతా మూసేశారు.

మొదట్లో నేను పెద్దగా కంగారుపడలేదు. కొన్నాళ్లు ఓపిక పడితే తెరుస్తారు, తెరవగానే తెచ్చుకుంటాను అనుకున్నాను. తర్వాత ఘాజియాబాద్ వైపు ఢిల్లీ సరిహద్దు మూసేశారు. ఢిల్లీలో ఉంటున్నామని ఊళ్లో గొప్పలు పోయే మేము, ఉన్నది ఉత్తరప్రదేశ్‌లో అన్న సంగతి ఆ రోజు గుర్తు తెచ్చుకున్నాం. అన్నేళ్లూ మా ఆయన ఆఫీసుకి, నేను కూరగాయలకి, పిల్ల పుట్టినరోజు పార్టీలకి దాటిన గీత అది. రోడ్డు మీద ఒక బోర్డు తప్ప అక్కడ ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు ఇనుప బారికేడ్లు, వాటి వెనక టెంటు, టెంటులో పోలీసులు. పాస్ ఉంటేనే అటూ ఇటూ.

పోనీ నేనే వెళ్లి దాని దగ్గర ఉందామంటే కంటోన్మెంటు గేటు దగ్గర ఇంకో నియమం. బయటివాళ్లు ఎవరూ లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి వెళితే తిరిగొచ్చాక విడిగా ఉండాలి. అంతమంది కుటుంబాలున్న చోట ఆ జాగ్రత్త అక్కర్లేదని ఎవరంటారు? నేనూ అననుగానీ, ఆ రోజుల్లో మాత్రం మనసులో అందర్నీ దులిపేశాను.

పాస్ కోసం ఫోన్లో దరఖాస్తు పెట్టాను. ఎందుకు ప్రయాణం అన్న చోట నాలుగే కారణాలిచ్చారు. అత్యవసర ఉద్యోగం, వైద్యం, మరణం, సరుకు రవాణా. పుట్టిల్లు అన్న కారణం వాళ్లకి తెలియదు. వైద్యం అని నొక్కి, స్కానింగ్ రిపోర్టు జతచేసి, కింద ఖాళీలో ఇంగ్లీషులో రాశాను, మాకు తల్లి లేదు, నేనే తల్లి లాంటిదాన్ని అని. రాసింది చదువుకుంటే నాకే నాటకాల మాటలా తోచింది. తిరస్కరించారు. రోగి ఉన్న చోటే ఆసుపత్రి సౌకర్యం ఉంది, కాబట్టి ప్రయాణం అవసరం లేదు. మళ్లీ పెట్టాను, అదే జవాబు. మా ఆయన రాసి చూశాడు, అతనికీ అంతే.

ఇక ఉండబట్టలేక ఒక ఉదయం బారికేడ్ల దగ్గరకు నేనే వెళ్లాను. టెంటులో ఉన్న పెద్ద వయసు పోలీసు నన్ను ఎండలో నిలబెట్టకుండా నీడలోకి రమ్మన్నాడు. అంతా విన్నాడు.

"మీ చెల్లెలు ఉన్న చోట ఆసుపత్రి లేదా మేడమ్?"

"ఉంది భయ్యా. ఇంటికి దగ్గరే."

"మరి ఇక్కడికెందుకు తేవడం?"

"మాయ్‌కా" అన్నాను. పుట్టిల్లుకి హిందీలో అదే మాట. అది చాలనుకున్నాను.

"అచ్ఛా. మీ అమ్మగారు ఇక్కడుంటారా?"

"అమ్మ లేదు. నేను తన అక్కని."

"మాయ్‌కా తో మా కా హోతా హై, మేడమ్." పుట్టిల్లంటే తల్లి ఇల్లు కదా అని.

అతని గొంతులో వెటకారం లేదు. ఉన్నట్టయితే నాలుగు మాటలు విసిరి కసి తీర్చుకునేదాన్ని. జాలిగా, నాకేదో తెలియని సంగతి తెలియజేస్తున్నట్టు అన్నాడు. నేను స్కూటర్ స్టాండు తీయడం కూడా మరిచిపోయి బండితో పెనుగులాడాను. దారి పొడుగునా మాస్కు లోపల ఏడ్చాను. మాస్కులో ఏడిస్తే ముక్కు తుడుచుకోవడానికి కూడా వీలుండదు.

చెల్లి మాత్రం ఫోన్లో ధైర్యంగానే ఉండేది. "నాకేటి భయమప్పా? పక్కింటి దీదీ ఉంది కదా" అనేది. ఆ దీదీ పంజాబీ ఆవిడ, ఆవిడ భర్తా సైన్యంలోనే. పూటపూటకీ రొట్టెలు చేసి పెట్టేది. ఒక రోజు నేను కుక్కర్ పెడుతుంటే ఫోన్ చేసి, చాలాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి అడిగింది.

"అప్పా, నొప్పులు అవేనని ఎలా తెలుస్తుంది?"

ఈ మాట పక్కన కూర్చుని చెప్పాల్సింది. తల నిమురుతూ, నడుము రాస్తూ చెప్పాల్సింది. నేను స్టవ్ ఆపేసి, వంటింటి గట్టు పట్టుకుని, పాఠం చెప్పినట్టు చెప్పాను. అది ఊ కొడుతూ విన్నది. "ఓస్, అంతేనా" అంది.

నొప్పులు వచ్చినప్పుడు దీదీయే అంబులెన్స్ పిలిచింది. ఆసుపత్రిలో తోడు ఎవరినీ లోపలికి రానివ్వలేదు. దీదీ బయట చెట్టు కింద కూర్చుంది. నేను ఇక్కడ ఫోన్ ఎదురుగా కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"బహన్‌జీ, పహలే బైఠ్ జాయియే" అంది పక్కింటి దీదీ. ముందు కూర్చోమంది. నేను కూర్చునే ఉన్నాను, అయినా లేచి మళ్లీ కూర్చున్నాను.

ఆడపిల్ల. పుట్టింది, ఏడవలేదు. మెడకు పేగు చుట్టుకుంది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. నా దగ్గర ఉండి ఉంటే బతికేదని నేను ఎప్పుడూ అనలేదు, అంత మతి పోలేదు నాకు. కానీ మా పక్క నర్సింగ్‌హోములో తోడుగా ఒకరిని ఉండనిచ్చేవారు, కాన్పు బల్ల మీద అది నా చెయ్యి పట్టుకునేది. గోళ్లు దిగేలా పట్టుకునేది. ఆ మాత్రం కూడా దానికి దక్కలేదు. ఇన్నేళ్లయినా నాకు కడుపు మండేది అందుకే.

ఆ సాయంత్రం చెల్లి వీడియో కాల్ చేసి, ఫోన్ మంచం మీద వెల్లకిలా పెట్టేసింది. నాకు తెల్లటి సీలింగు కనిపించింది, గొంతు మాత్రం వినిపించింది.

"ఒక్కసారి చూపించారప్పా. జుట్టు ఒత్తుగా ఉంది. అమ్మ పోలిక."

మరిదికి కబురు అందించింది కూడా చెల్లే. కొండల్లో సిగ్నల్ సరిగా లేక అతనికి వినబడలేదట, ఆ మాట రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చిందట. ఎవరి ప్రయాణాలూ కదలని రోజులు, అతను రాలేకపోయాడు. దీదీ భర్త, ఇంకో ఇద్దరు జవాన్లు వెళ్లి పాపను మట్టి చేసి వచ్చారు. మాలో ఒక్కరం కూడా లేము. ఆ పాపను ఎత్తుకున్న మా వాళ్లు లేరు, చూసిన మా వాళ్లు దాని తల్లి ఒక్కతే.

చెల్లి ఆసుపత్రి నుంచి క్వార్టర్‌కి వచ్చిన రోజు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కాన్పుకి ముందు ఆఖరిసారి అడిగిన పాస్ మంజూరైంది. కారణం దగ్గర, ప్రసవం కోసం గర్భిణి తరలింపు అని ఉంది. ఆ ఒక్క రోజే చెల్లుతుంది.

నేను ఫోన్ గోడకేసి కొట్టబోతే మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు రాసి కొత్తది అడుగుదామా అన్నాడు. ఏమని రాయాలి? కాన్పు అయిపోయింది, బిడ్డ లేదు, అమ్మాయికి రోగం లేదు, ఒంటరిగా ఉంది అనా? ఆ నాలుగు కారణాల్లో దేని కింద నొక్కాలి? అలాగే బయలుదేరాం.

కంటోన్మెంటు గేటు దాకా దీదీ దాన్ని నడిపించుకుని వచ్చింది. చెల్లి ముఖం పాలిపోయి, వదులు కుర్తాలో అచ్చం నెలలు నిండినదానిలాగే ఉంది. ఆ సంగతి అప్పటిదాకా నాకు గుర్తు రాలేదు, కాన్పు అయినంత మాత్రాన పొట్ట వెంటనే తగ్గదని. దాన్ని వెనక సీట్లో పడుకోబెట్టుకుని పాస్ గురించి చెప్పాను. "దారిలో ఎవరేం అడిగినా నేను మాట్లాడతాను. నువ్వు ఊరుకో" అన్నాను. తలూపింది.

సరిహద్దు దగ్గర కార్ల వరస ఉంది. మా వంతు వచ్చేసరికి ఒక కుర్ర పోలీసు వంగి, ఫోన్లో పాస్ చూశాడు, కారులోకి చూశాడు. మా ఆయన స్టీరింగ్ వైపే చూస్తున్నాడు. "డెలివరీ కేస్?" అని అడిగాడు. నేను అవునన్నాను. వెంటనే అతను నిటారుగా నిలబడి, ముందున్న కార్లని పక్కకి తప్పుకోమని అరిచాడు, బారికేడ్ తనే చేత్తో లాగాడు. మాస్కు మీద కళ్లు నవ్వుతుంటే కిటికీ దగ్గరికి మళ్లీ వచ్చాడు.

"జల్దీ జాయియే. చింతా మత్ కరియే దీదీ, బేటా హోగా." త్వరగా వెళ్లండి, కంగారు పడకండి, కొడుకు పుడతాడులే అని.

నేను దాని చెయ్యి నొక్కాను, ఏమీ అనొద్దని. మా చెల్లి లేచి కూర్చుంది. కిటికీ అద్దం కిందికి దించి, మాస్కు గడ్డం కిందికి లాక్కుంది.

"బేటీ హుయీ హై, భయ్యా" అంది. కూతురు పుట్టిందని.

అతనికి వినిపించలేదు. అప్పటికే వెనక కారు వైపు తిరిగి చెయ్యి ఊపుతున్నాడు. చెల్లి కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఇంకొంచెం గట్టిగా, మళ్లీ చెప్పింది.