ఒకే మేకుకు రెండు బిళ్లలు

దయ్యాలున్నాయని చెప్పి నా చేత ఒక్క నిమ్మకాయ కూడా ఎవరూ కొనిపించలేకపోయారు. చదివింది మూడో తరగతే అయినా, కంటితో చూడనిది నమ్మే మనిషిని కాను. ఇది మాత్రం కంటితో చూశాను, చేత్తో పట్టుకున్నాను.

మాది గోదావరిఖని. మా ఆయన ముప్పై ఏళ్లు గనిలో పనిచేసి, రిటైరయ్యాక ఇంట్లోనే పోయాడు. ఆ రోజుల్లో గని దిగే మనిషికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్లలు రెండుండేవి. ఒకటి పైన మేకుకు తగిలించి, రెండోది వెంట తీసుకెళ్లేవాడు. మేకుకు ఒక్కటే ఉంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. పైకొచ్చాక రెండూ ఆ మేకుకే చేరేవి.

వెంట ఉండే బిళ్ల ఒకరోజు లోపల బొగ్గులో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఆ గని మూసేసి కూడా చాలా ఏళ్లయింది. మిగిలిన బిళ్లను ఆయన ఫోటో కింద మేకుకు వేలాడదీశాను. ప్రతి శుక్రవారం, పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పితో తోముతాను.

ఆ శుక్రవారం పొద్దున కూడా తోమి తగిలించాను. ఒక్కటే బిళ్ల.

నా కొడుకు మొదటి షిఫ్టుకు గని దిగాడు. వాడి కూతురు మౌనిక మూడు రోజులుగా కంప్యూటర్ ముందే కూర్చుంది. కొత్త ఉద్యోగం. సాయంత్రంలోగా ప్రోగ్రాం పనిచేయకపోతే ఇక రానక్కర్లేదని వాళ్ల సారు చెప్పాడు.

గనివాళ్ల వివరాలన్నీ డైరెక్టరీ అనే దాంట్లో ఉంటాయట. మనిషికొక ఎంట్రీ. అందులో పేరుకొక గడి, ఫోన్ నంబరుకొక గడి. ఆపద వస్తే ప్రోగ్రాం ఆ ఎంట్రీ తెరిచి, నంబరు తీసి ఇంటికి ఫోన్ చేయాలి. కానీ ఎవరిది తెరిచినా ఆ మనిషి సొంత నంబరే వస్తోంది. దిగినవాడి ఫోన్ పైన పెట్టెలో ఉంటుంది, ఎవరెత్తుతారు?

"ఇంటి నంబర్లు అండ్ల లేనే లేవు బాపమ్మా. సారేమో ఉన్నయంటడు," అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏడిస్తే నంబర్లస్తయా? ఆ ఫ్యాన్ బంద్ చేసి ఇంత బువ్వ తిను."

ఫ్యాన్ నేనే ఆపాను. కిటికీ మూసే ఉంది. అప్పుడు మేకు దగ్గర టంగుమని చప్పుడైంది. ఆగి, మళ్లీ టంగుమంది. వెళ్లి చూస్తే బిళ్ల ఊగుతోంది. ఆపుదామని పట్టుకుంటే చేతికి రెండు తగిలాయి.

ముందు నేను తోమిన బిళ్ల. దాని వెనక ఇంకొకటి, నిండా బొగ్గు మసి. అంచు తుడిచి చూస్తే అదే నంబరు.

రెండూ మేకు నుంచి తీసి మౌనికకు చూపించాను. "పొద్దుగాల్ల ఒక్కటే ఉండెనే పిల్లా. ఎనక సూస్తే ఇంకోటున్నది," అన్నాను.

మౌనిక నా చేతికేసి అలాగే చూసింది. "బాపమ్మా! నేను గడిల ముందున్నదొక్కటే తీస్తున్న. ఎనక ఏమన్న ఉన్నదా అని అడగనే లేదు!"

ఒక గడిలో ఎన్ని నంబర్లైనా ఉండొచ్చట. మౌనిక ప్రోగ్రాం మొదటిది తీసుకుని ఊరుకుంటోంది. ఉన్నవన్నీ ఇమ్మని మార్చి, వాళ్ల నాన్న ఎంట్రీ తెరిచింది. అంతే, నా కొడుకు ఇంటి నంబరుగా రాయించిన నా పాత బటన్ల ఫోన్ మోగింది.

"ఎత్తు బాపమ్మా, నేనే చేస్తున్న!"

"ఇంట్లనే ఉండంగ ఫోనెందుకే?" అన్నాను గానీ, అది నన్ను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. గడువుకు ముందే పని పంపింది. ఉద్యోగం నిలబడిందని సాయంత్రం సారే ఫోన్ చేసి చెప్పాడు. ఎవరూ అడగకుండానే నేను జిలేబి తెప్పించాను. మా ఇంట్లో ఇది కూడా వింతే.

గనిలో బొగ్గు పేల్చే బ్లాస్టింగ్ అదురుకు బిళ్ల ఊగి ఉంటుందని నా కొడుకు అన్నాడు. కావచ్చు. అదురు ఊపుతుంది గానీ, మూసేసిన గనిలోంచి బిళ్లను తెచ్చి తగిలిస్తుందా? నాకిప్పటికీ తెలియదు.

శుక్రవారం ముందు బిళ్ల ఒక్కటే తోముతాను. వెనకదాని మసి అలాగే ఉంచాను. మేకుకు రెండూ ఉన్నాయి. అంటే మా ఆయన పైకొచ్చేశాడు.