పక్క వెలుగులో మచ్చ

నేను చెప్పేది జరిగింది. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెప్తాను. నమ్మకపోతే మీ ఇష్టం... మధ్యలో మాత్రం నవ్వొద్దు.

రాత్రిపూట భయపడిన అనుభవం చెప్పమన్నారు. నాది పగలు పదకొండింటికి. ప్రొద్దుటూరులో బయట ఎండ మండిపోతోంది. కానీ నేను పనిచేసే కంటి ఆసుపత్రిలో ఆ గదికి పగలనేది లేదు. కిటికీకి నల్ల పరదా, తలుపుకు నల్ల పరదా. సన్నటి వెలుగు వేసే స్లిట్ ల్యాంప్‌తో కన్ను పరీక్షించాలంటే చీకటి కావాలి మరి. పద్దెనిమిదేళ్ళుగా ఆ చీకట్లోనే నా ఉద్యోగం. ఏనాడూ భయపడలేదు... ఆ రోజు దాకా.

ఆ రోజు కుర్చీలో కూర్చున్నది మా అన్న ఏలియా.

మా అన్న ఎడమ కన్ను పోగొట్టింది నేనే. అప్పుడు నాకు ఏడేళ్ళు, ఆయనకు పది. ఖాజీపేటలో మా ఇంటి ముందు ఆడుకుంటూ బండ పెళ్ల ఒకటి విసిరాను. కంటికి తగిలింది. జమ్మలమడుగు తీసుకెళ్ళి కట్టు కట్టించారు. కట్టు విప్పాక కనపడడం లేదన్నాడు. లోపల మచ్చ పడిందన్నాడు. అప్పటి నుంచి నల్లద్దాలే. ఆయన మోయాల్సిన నీళ్ళు నేను మోశాను. ఆయన కోయాల్సిన గడ్డి నేను కోశాను. పండగనాడు కూరలో మంచి ముక్క ఆయనకే. ఈ పని నేర్చుకున్నదే ఆ కన్ను కోసం. ఎన్నిసార్లు అడిగినా చూపించేవాడు కాదు. "సచ్చిన కంట్లో ఏం జూస్తావు పాపా" అనేవాడు. ప్రతి ఆదివారం చర్చిలో మోకాళ్ళ మీద ఆ తప్పుకు క్షమాపణ అడిగేదాన్ని. పక్కనే కూర్చుని ఆమెన్ అనేవాడు.

ఇప్పుడు కుడి కంట్లో శుక్లం ముదిరింది. తప్పక వచ్చాడు.

గడ్డం స్టాండు మీద పెట్టించాను. కుడి కన్ను చూసి రాసుకున్నాను.

"ఇప్పుడు ఎడమదన్నా."

"అదెందుకు లే."

"రెండూ రాయల్ల. డాక్టరమ్మ ఊరుకోదు."

ముందు వెలుగు వెడల్పుగా వేశాను. మచ్చ కనపడలేదు. పలచటిదేమో అనుకున్నాను. వెలుగును సన్నటి గీతలా చేసి, కంటి మీది పొర మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా నడిపాను. ఫ్యాను చప్పుడు... కిర్రు... కిర్రు... ఎక్కడా గాటు లేదు. కంటిపాపలోకి సూటిగా వేశాను. వెనక నుంచి ఎర్రటి వెలుగు తిరిగొచ్చింది. మచ్చ ఉంటే ఆ ఎరుపులో నల్లగా కనపడాలి. నలుసు కూడా లేదు.

ఆయన కుడి కంటికి నా అరచెయ్యి అడ్డం పెట్టాను. రెండో చేతిలో పెన్ను. మాట్లాడకుండా పక్కకు జరిపాను. ఎడమ కన్ను దాని వెంటే జరిగింది. పైకి ఎత్తాను... పైకొచ్చింది.

"మచ్చ యాడుందన్నా?"

ఆయన నల్లద్దాల కోసం చెయ్యి చాపాడు.

ఇంకొక్క పద్ధతి మిగిలింది. వెలుగును పక్కకు నెట్టి, నల్లగుడ్డు తెల్లగుడ్డు కలిసే అంచున వేస్తాం. చూసేది మాత్రం మధ్యలోకి. పొర బాగుంటే మధ్యంతా చీకటి. మచ్చ ఉంటే అదొక్కటే వెలుగుతుంది.

వేశాను.

వెలిగింది...

మూడు మూలల మచ్చ. మీగడ రంగు. నేను విసిరిన పెళ్ల ఎలా ఉండేదో నాకు ఇప్పటికీ గుర్తు. అదే ఆకారం. వెలుగును సరిగ్గా దాని మీదికి తెచ్చాను. లేదు. పక్కకు జరిపాను. ఉంది. మళ్ళీ తెచ్చాను... లేదు.

నేనింకా నోరు తెరవలేదు. చీకట్లో నుంచి ఆయనే అన్నాడు, "కనపడిందా పాపా?"

పరదా తోసుకుని బయటపడ్డాను. నేను చెబితే డాక్టరమ్మ వెళ్ళి అన్ని రకాలుగా చూసింది. అంచున కూడా వేసి చూసింది. "ఎడమ కన్ను శుభ్రంగా ఉంది మార్తా. పోయిందని ఎవరన్నారు?" అంది.

మరుసటి రోజు ఆపరేషన్ అయింది. కుడి కంటికి కట్టు. సాయంత్రం ఇంటికి పంపేటప్పుడు చెయ్యి పట్టుకోబోయాను. "నేను పోతాలే, నువ్వు నీ పని జూసుకో" అన్నాడు. గుమ్మం దగ్గర ముప్పై జతల చెప్పుల కుప్ప. నల్లద్దాలు సర్దుకుని వంగాడు... తన రెండు చెప్పులూ ఏరి తొడుక్కున్నాడు. ఒక్కసారి కూడా తడమలేదు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, అదీ నా బతుకు. నలభై ఏళ్ళు మోసం చేశాడు. అడిగేయాలని పోతాను. తీరా ఎదురు నిలబడితే ఆ తెల్ల మచ్చ గుర్తొస్తుంది. అది నిజమైతే డాక్టరమ్మకు ఎందుకు కనపడలేదు? అబద్ధమైతే, నేను చూశానని ఆయనకెలా తెలిసింది?

నిన్న ఆదివారం. చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఈసారి క్షమాపణ అడగలేదు. పక్క నుంచి ఆయన గొంతు... మెల్లగా...

"కానియ్ పాపా. నేను ఆమెన్ జెప్పల్ల గదా."